తడిసిన తరవాతి బట్ట: తిరుత్తణి, ప్రళయకావేరి తీరాల నడుమ ఒక సంవాదం

తిరువళ్ళూరు జిల్లాకు పడమటి కొసన తిరుత్తణి కొండలు, తూర్పు కొసన ప్రళయకావేరి సరస్సు ఉన్నాయి. నేరుగా కొలిస్తే ఈ రెండింటి మధ్య నూరు కిలోమీటర్లు కూడా లేకపోయినా, చేపల వేటకు వెళ్ళే మనిషి ఒంటిమీది బట్టకు రెండు చోట్లా ఎదురయ్యే పరీక్ష ఒకటి కాదు. తమిళనాడులో అత్యధిక ఉష్ణోగ్రతలు నమోదయ్యే ఊళ్ళలో తిరుత్తణి ఒకటి. రోహిణి కార్తె వచ్చేసరికి అక్కడి పగటి వేడి 40 డిగ్రీల సెల్సియస్ దాటడం మామూలే. తమిళులు పళవేర్కాడు అనీ, ఇంగ్లీషువాళ్ళు పులికాట్ అనీ పిలిచిన ప్రళయకావేరి మాత్రం చిలికా తరవాత దేశంలో రెండవ పెద్ద ఉప్పునీటి సరస్సు. శ్రీహరికోట దీవి దానిని బంగాళాఖాతం నుంచి వేరుచేస్తుంది, ఆరణియారు, కాళంగి నదులు అందులో కలుస్తాయి, చాలా చోట్ల లోతు మనిషి నడుముకు మించదు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఈ జిల్లాలో పొద్దుటినుంచి పడమటి గాలి వేడిగా వీచి, మధ్యాహ్నానికి సముద్రపు గాలి లోపలికి చొచ్చుకొచ్చి, ఆ రెండు గాలులూ ఢీకొన్నచోట సాయంత్రానికి ఉరుముల మేఘం లేస్తుంది. చిత్త, స్వాతి, విశాఖ కార్తెల్లో, అంటే అక్టోబరు నుంచి నవంబరు దాకా, ఈశాన్య రుతుపవనం దిగి రోజుల తరబడి ముసురు పట్టిస్తుంది. ఒకే పగటిలో మంచు, ఎండ, ఈదురుగాలి, వాన అన్నీ చూడగలిగే నేల ఇది.

1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు చిత్తూరు జిల్లాలో ఉండి, సరిహద్దుల సవరణ చట్టం ప్రకారం 1960 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రంలో చేరిన తిరుత్తణి తాలూకాలో తెలుగు నేటికీ ఇళ్ళలో వినిపిస్తుంది; ప్రళయకావేరి దీవుల తెలుగు బతుకులను స.వెం. రమేశ్ ‘ప్రళయకావేరి కథలు’ అక్షరబద్ధం చేశాయి. కింది సంవాదంలోని ఇద్దరూ కల్పిత వ్యక్తులు. ఒకరు తిరుత్తణి వైపు మగ్గం పని చేసి మానిన పెద్దాయన. చెరువు గట్లమీదా, పూండి జలాశయం ఒడ్డునా గాలం వేయడం ఆయన అలవాటు. రెండవవాడు ప్రళయకావేరిలో వల వేసే యువకుడు. ఇద్దరి మధ్య బంధుత్వం లేదు; వయసునుబట్టి వచ్చిన పిలుపులే ఉన్నాయి.

పెద్దాయన: వేసవిలో గట్టున కూర్చుని గాలం వేసేవాడికి నూలు లుంగీ, నూలు చొక్కా, తలకు తడిపిన తుండు, ఈ మూడింటిని మించిన ఏర్పాటు లేదు నాయనా. ద్రవం ఆవిరిగా మారేటప్పుడు తన వేడి పెరగకుండానే చుట్టుపక్కలనుంచి లాక్కునే వేడిని గుప్తోష్ణం అంటారు. ఒక లీటరు చెమట పూర్తిగా ఆవిరైతే ఒంటినుంచి సుమారు 2,400 కిలోజౌళ్ళ వేడి పోతుంది. ఏడెనిమిది లీటర్ల నీటిని మరిగించడానికి చాలినంత వేడి అది. తిరుత్తణి ఎండలో గాలి పొడిగా ఉంటుంది కాబట్టి చెమట ఆరుతుంది, నూలు ఆ చెమటను పట్టి ఉంచి నెమ్మదిగా ఆరనిస్తుంది కాబట్టి చల్లదనం ఎక్కువసేపు నిలుస్తుంది. అయితే కొత్త లుంగీ కట్టుకుని వెళ్ళకూడదు; నేతలో నూలుకు పెట్టిన గంజి రెండు మూడు ఉతుకులకు గాని పోదు, గంజి పోనిదే బట్ట నీటిని పీల్చదు.

యువకుడు: ఆ లెక్కంతా గాలి పొడిగా ఉన్నచోట చెల్లుతుంది పెద్దాయనా. సరస్సు మీద మధ్యాహ్నం సముద్రపు గాలి తిరిగాక చెమట ఆరదు, కారుతుంది. పొడి దారం గాలిలోని తేమను తన బరువులో ఎంత శాతం పీల్చుకుంటుందో కొలిచి దానిని తేమ గ్రహణశక్తి అంటారు. నూలుకు అది సుమారు 8 శాతం, పాలిస్టరుకు అర శాతం కూడా లేదు. నీటిలో ముంచితే తేడా ఇంకా పెరుగుతుంది. పాలిస్టరు దారం లోపలికి నీటిని రానివ్వదు, పోగుల సందుల్లో నిలిచిన నీరు పిండితే పోతుంది. నూలు దారం ఉబ్బి, పిండినా సగం తడి మిగుల్చుకుంటుంది. తెల్లవారుజామున నీళ్ళలోకి దిగినవాడి లుంగీ పొద్దెక్కేదాకా ఆరదు, ఆరేసరికి ఉప్పు మిగులుతుంది. సముద్రపు ఉప్పు మళ్ళీ గాలిలోని తేమను లాగుతుంది కాబట్టి ఆ బట్ట సాయంత్రం తిరిగి చెమ్మగిల్లుతుంది. తొడల మధ్య ఒరిపిడి, తామర, పుండు, వీటన్నిటికీ మొదలు అదే.

పెద్దాయన: ఉప్పు బట్టను మంచినీళ్ళలో జాడించకపోవడం బట్ట తప్పు కాదు గదా.

యువకుడు: జాడించడానికి పడవలో మంచినీళ్ళు ఎక్కడివి? ఉన్న బిందెడు నీళ్ళూ తాగడానికే.

ఇక్కడ యువకుడి మాట తీసివేయదగినది కాదు. బట్ట గుణం దారంలో మాత్రమే ఉండదు. దానిని ఉతికి ఆరబెట్టుకునే వసతిలోనూ ఉంటుంది. గట్టున గాలం వేసేవాడు గంటలో ఇల్లు చేరి స్నానం చేయగలడు. సరస్సులో వల కట్టినవాడికి ఆ వీలు లేదు. వాదం మాత్రం ఇక్కడితో ఆగలేదు, చరిత్రలోకి మళ్ళింది.

పెద్దాయన: ఆ సరస్సు ఒడ్డు ఊరి పేరే లుంగీకి పెట్టారని మరవకూడదు నాయనా. డచ్చి వర్తకులు 1613లో అక్కడ గెల్డ్రియా కోట కట్టుకున్నారు. 1690లో నాగపట్టణానికి తరలిపోయేదాకా కోరమాండల్ తీరంలో వాళ్ళ వ్యాపారానికి అదే ముఖ్య కేంద్రం. వాళ్ళు తూర్పు దీవులకు ఓడల్లో పంపిన సరుకుల్లో ఈ తీరపు గళ్ళ నూలు బట్ట ప్రధానమైనది. మలేసియాలో గళ్ళ లుంగీని నేటికీ ‘కైన్ పెలికాట్’ అంటారు, అంటే పులికాట్ బట్ట. ఇక్కడి రుమాళ్ళను 18వ శతాబ్ది చివర స్కాట్లండు నేతగాళ్ళు అదే పేరుతో అనుకరించి నేశారు. ఇన్ని సముద్రాల మనుషులు ఒప్పుకున్న బట్టను ఆ ఊరి సరస్సులోనే పనికిరాదనడం న్యాయమా?

యువకుడు: వాళ్ళు ఒప్పుకున్నది దేనికో కూడా చూడాలి. ఆ దేశాల్లో పెలికాట్ లుంగీ ఇంట్లో కట్టుకునేది, మసీదుకు కట్టుకునేది. వ్యాపారంలో గెలిచినంత మాత్రాన ఆ బట్ట వేటలో నెగ్గినట్టు కాదు. మన తాతలు కూడా వల వేయడానికి నీళ్ళలోకి దిగేటప్పుడు లుంగీ విప్పి గోచితోనే దిగారు; లుంగీ ఒడ్డుమీద ఉండేది. అసలు పాత పద్ధతినే తీసుకుంటే, తడిసే పనికి తక్కువ బట్ట, ఆరిన తరవాత కప్పుకోవడానికి ఎక్కువ బట్ట అన్నది దాని సూత్రం. లుంగీ రెండవదానికి మంచిది, మొదటిదానికి కాదు.

పెద్దాయన ఈ సమాధానాన్ని కాదనలేదు. గోచి ఎండనుంచి కాపాడదన్నది ఆయన అభ్యంతరం. ఒళ్ళంతా ఎండకు వదిలి పది గంటలు నీటిమీద ఉండడం ఏ కాలంలోనూ మంచిది కాదని ఆయన గట్టిగా చెప్పాడు. అతినీల కిరణాలు, అంటే కంటికి కనిపించకుండా చర్మాన్ని కమిలించే సూర్యకాంతి భాగం, పలుచని తెల్ల నూలు చొక్కాలోంచి కొంతవరకు దూసుకుపోతాయి; ఆ చొక్కా తడిస్తే ఇంకా ఎక్కువ పోతాయి. అందుచేత చల్లగా ఉంటుందని ఎంచుకునే పలుచని తెల్లబట్ట తడిసిన నిమిషం నుంచి కాపు తగ్గించుకుంటుంది. దట్టమైన నేత, ముదురు రంగు ఈ విషయంలో మేలు. బట్టను సూర్యుడికి ఎదురుగా పట్టి చూస్తే పడుగు, పేకల సందుల్లోంచి వెలుతురు ఎంత వస్తుందో కనబడుతుంది. నేతగాడు బట్ట దట్టాన్ని అంచనా వేసే ఈ పద్ధతి కొనేవాడికీ ఉపయోగపడుతుంది. నీటిమీద పడిన కాంతి కిందినుంచి కూడా ముఖానికి తగులుతుంది కాబట్టి టోపీ ఒక్కటే చాలదు, మెడా చెంపలూ కప్పే తుండు కూడా ఉండాలని ఇద్దరూ ఒప్పుకున్నారు.

పెద్దాయన: మరి పాలిస్టరు బనియను మీద బీడీ నిప్పు పడితే, వంట పొయ్యి మంట తగిలితే, ఇంజను వేడి గొట్టం ఆనితే ఏమవుతుంది? నూలు మాడి బూడిద అవుతుంది; పాలిస్టరు సుమారు 260 డిగ్రీల దగ్గర కరిగి చర్మానికి అంటుకుంటుంది, ఊడదీస్తే తోలు వస్తుంది.

యువకుడు: అది నిజం. మోటారు దగ్గర కూర్చునేవాడు, పడవలో వండేవాడు పైన నూలు వేసుకోవడమే మంచిది. కాని అదే మోటారు దగ్గర వదులు లుంగీ కొస తిరిగే భాగంలో చిక్కుకోవడం అంతకన్నా పెద్ద ప్రమాదం. మోకాలిదాకా ఉండే నిక్కరు ఆ భయాన్ని తీరుస్తుంది.

పెద్దాయన: పడవ బోల్తాపడితే తడిసిన నూలు బరువుకు మనిషి మునిగిపోతాడని కుర్రవాళ్ళు అంటుంటారు. అది సరికాదు. నీటిలో ఉన్నంతసేపు బట్ట పీల్చుకున్న నీటికి బరువు ఉండదు.

యువకుడు: బరువు ఉండదు గాని కాళ్ళకు చుట్టుకుంటుంది, ఈతకు అడ్డం పడుతుంది. మళ్ళీ పడవ ఎక్కబోయేటప్పుడు ఆ బరువంతా ఒక్కసారిగా వచ్చి చేరుతుంది. అలసినవాడు జారిపడేది అక్కడే.

ఇంతవరకూ సాగిన చర్చ వేడిని గురించినది. మారే వాతావరణంలో అసలు చిక్కు చలి దగ్గర వస్తుంది. ఈ ప్రాంతంలో చలి మాట ఎత్తితే చాలామంది నవ్వుతారు కాబట్టే దీనిమీద నిలిచి మాట్లాడవలసి ఉంది. నీరు గాలికన్నా సుమారు 25 రెట్లు వేగంగా వేడిని లాగుతుంది. మార్గశిర, పుష్య మాసాల్లో ప్రళయకావేరి నీరు ఒంటి వేడికన్నా పది డిగ్రీలకు పైగా చల్లగా ఉంటుంది. నడుము లోతు నీటిలో మూడు నాలుగు గంటలు నిలబడినవాడికి, ఆ తరవాత తడిబట్టతో ఈశాన్యపు గాలికి ఎదురుగా పడవలో కూర్చున్నవాడికి, వణుకు మొదలై వేళ్ళు ముడి విప్పలేనంతగా కొంకర్లు పోతాయి. ముడి విప్పలేని చెయ్యి వలలో ఉన్నప్పుడు ప్రాణాంతకం.

యువకుడు: అందుకే లోపల బిగుతుగా ఉండే పలుచని పాలిస్టరు పొర, దానిమీద గాలిని ఆపే పొర. దారాల సందుల్లో నీరు దానంతటదే పాకి పైకి రావడాన్ని కేశనాళికా చర్య అంటారు. లోపలి పొర చర్మంమీది తడిని అలా బయటికి లాగితే పై పొర గాలిని ఆపుతుంది. ఆటగాళ్ళ కోసం చేసిన చవక చొక్కాలే ఇందుకు చాలు.

పెద్దాయన: రాయలసీమ గొర్రెలకాపరి గొంగడి ఈ పని ఎప్పుడో చేసింది. ఉన్ని తన బరువులో సుమారు 16 శాతం తేమ పీల్చుకుని కూడా చేతికి తడి తెలియనివ్వదు, తడిసినా పూర్తిగా చల్లబడదు. ఇంగ్లీషు కాలువ దీవుల జాలర్లు బిగువుగా అల్లిన ఉన్ని స్వెట్టరుతో వేటకు వెళ్ళింది అందుకే. నార్వేలో 1877లో హెలీ హాన్సెన్ అనే ఓడ కప్తాను నారబట్టను అవిసె నూనెలో నానబెట్టి జాలర్లకు వానకోట్లు చేయించాడు. ఇక్కడివాళ్ళు గోనెసంచి మూలను లోపలికి మడిచి తలమీదుగా వేసుకున్నారు. ఎవరి వానకు వాళ్ళు ఉపాయం కనిపెట్టుకున్నారు.

యువకుడు: గొంగడి కొండమీద సరే. సరస్సులో అది తడిస్తే మోయడం ఎవరి వల్ల? ఇక గోనెసంచి పావుగంట వానకు ఆగుతుంది, ముసురుకు ఆగదు.

ప్లాస్టిక్ రెయిన్‌కోటు విషయంలో ఇద్దరికీ పెద్ద భేదం లేదు. గాలి ఆడని కోటులో తెడ్డు వేసేవాడు చెమటతో లోపలినుంచే తడుస్తాడు. వల లాగే పని అయ్యేదాకా దానిని మడిచి ఉంచి, తిరుగు ప్రయాణంలో కూర్చున్నప్పుడు తొడుక్కోవాలి. అది గాలిని ఆపుతుంది, ఆ సమయంలో కావలసినది అదే. కోటు కన్నా ముఖ్యమైనది గట్టిగా మూతి కట్టిన ప్లాస్టిక్ సంచిలో ఒక జత పొడి బట్టలు. పెద్దాయన లుంగీకి ఇక్కడ తిరుగులేని స్థానం దొరికింది: సంచిలోంచి తీసిన పొడి నూలు లుంగీ ఒళ్ళు తుడుచుకోవడానికి, కట్టుకోవడానికి, తలమీదుగా కప్పుకోవడానికి మూడు విధాలా పనికివస్తుంది, ఏ కుట్టుబట్టకూ ఆ వీలు లేదు. యువకుడు కూడా ఈ ఒక్క మాటకు వెంటనే తల ఊపాడు.

రంగుల దగ్గర మళ్ళీ పేచీ వచ్చింది. లోతు తక్కువైన తేట నీటిలో చేప గట్టుమీది కదలికకూ, నీడకూ బెదురుతుంది కాబట్టి మట్టిరంగు, ఆకుపచ్చ రంగు వేసుకుని ఎండకు ఎదురుగా కూర్చోవాలని, నీడ నీటిమీద పడకూడదని పెద్దాయన వాదం. సర్కారు తుమ్మ ముళ్ళ మధ్య నడిచి గట్టు చేరేవాడికి కాళ్ళు కప్పే మందపాటి ప్యాంటు అవసరమని కూడా ఆయన కలిపాడు. నీలం, ఆకుపచ్చ బట్ట వేసుకున్నవాడు సరస్సులో పడితే వెతికే కంటికి ఆనడని, నారింజ, పసుపు రంగులే ప్రాణం నిలుపుతాయని యువకుడి వాదం. రెండూ సరైనవే, గట్టుమీది మనిషికి మొదటిది, పడవలోని మనిషికి రెండవది. పూండి దిగువన కొసస్థలై ఏటిలో గాలం వేసేవాడు మాత్రం వానాకాలంలో రెండవదానివైపే మొగ్గాలి. 1944లో కట్టిన ఆ జలాశయంలోకి ఏటి నీటితోపాటు తెలుగుగంగ కాలువ ద్వారా కండలేరునుంచి కృష్ణా నీరూ చేరుతుంది. నిండినప్పుడు గేట్లు ఎత్తితే దిగువన నీరు చూస్తుండగానే పెరుగుతుంది, అప్పుడు చేపకు కనబడకపోవడం కన్నా మనుషులకు కనబడడమే ముఖ్యం.

యువకుడు: ఇంకొకటి పెద్దాయనా. ఏ బట్టా చేయలేని పని ఉంది. ఉరుముల మేఘం లేచినప్పుడు రబ్బరు బూట్లు పిడుగును ఆపుతాయని నమ్మేవాళ్ళు ఉన్నారు. ఆపవు. మెరుపుకూ ఉరుముకూ మధ్య 30 సెకన్లకు తక్కువ ఉంటే పిడుగు పది కిలోమీటర్ల లోపు ఉన్నట్టే. చదునైన నీటిమీద అందరికన్నా ఎత్తుగా నిలిచింది పడవలోని మనిషే కాబట్టి అప్పటికి ఒడ్డు చేరి ఉండాలి. ఇక మడమదాకా కాక మోకాలిదాకా ఉండే బూట్లలో నీరు నిండితే నడకే సాగదు.

పెద్దాయన: కార్తె చూసి, గాలి చూసి బయలుదేరితే ఆ ఇబ్బంది రాదు.

యువకుడు: కార్తె నెలను చెబుతుంది, గంటను చెప్పదు. శ్రీహరికోటలోనే డాప్లర్ రాడారు ఉంది. మేఘంలోని వాన ఎటు కదులుతున్నదో అది చూపిస్తుంది, వాతావరణ శాఖ ఆ చిత్రాన్ని అందరికీ అందుబాటులో ఉంచుతుంది. చూసి కూడా వెళ్ళవలసి రావడమే కష్టం. పళవేర్కాడులో ‘పాడు’ అనే కట్టుబాటు ఉంది. రొయ్యల వల కట్టే చోట్లను వంతులవారీగా పంచుకుంటారు. వంతు వచ్చిన రోజును ఎవరు వదులుకుంటారు? అందుకే లైఫ్ జాకెట్ బట్టల్లో చేరాలి, పడవ సామానులో కాదు. ఒంటిమీద లేని జాకెట్ బోల్తాపడిన పడవ కింద ఉంటుంది.

పెద్దాయన: వేడికి ఎవరూ వేసుకోరు నాయనా.

యువకుడు: వేసుకోరు, నిజమే. ఒడ్డు దగ్గరి నీటికి సరిపడే తక్కువ మందం జాకెట్లు దొరుకుతాయి. వాటి తేలింపు బలాన్ని న్యూటన్లలో ముద్రిస్తారు. 50 న్యూటన్లది ఈత వచ్చినవాడికి, ఒడ్డు దగ్గరకు మాత్రమే. 100, 150 న్యూటన్లవి ఈత రానివాడిని కూడా ముఖం పైకి ఉండేలా తేల్చడానికి ఉద్దేశించినవి. కొనేటప్పుడు చూడవలసింది రంగు ఒక్కటే కాదు, ఈ అంకె కూడా.

ఈ సంవాదం అంతా ఇంతవరకూ మగవాళ్ళ బట్టలను గురించే సాగింది. ప్రళయకావేరిలో వల లేకుండా, పడవ లేకుండా, బురదలో చేతులతో తడిమి రొయ్యలూ పీతలూ పట్టే ఇరుళ స్త్రీలు ఉన్నారు. సరస్సుకు ఆంధ్ర వైపున ఉన్న యానాదులకూ చేతివేట కొత్త కాదు. గంటల తరబడి నీటిలో ఉండేది వాళ్ళు. వాళ్ళ ఒంటిమీద ఉండేది చీర, రవిక, లేదా పాత మగ చొక్కా. తడిసిన అయిదారు గజాల నూలు కాళ్ళకు చుట్టుకుంటుంది. ఆల్చిప్పలూ, జెల్ల ముల్లూ అరికాళ్ళను చీలుస్తాయి. నూలు మంచిదా, పాలిస్టరు మంచిదా అన్న ప్రశ్న వాళ్ళ ముందు పెడితే, అంతకన్నా ముందరి ప్రశ్న ఒకటి ఉందని తెలుస్తుంది.

పెద్దాయన: సంచిలో పొడి లుంగీ పెట్టుకోవాలని ఇప్పుడు ఇద్దరం ఒప్పుకున్నాం. మగవాడు ఒడ్డునే నిలబడి తడి విప్పి పొడి కట్టుకుంటాడు. ఆడమనిషి ఎక్కడ మార్చుకోవాలి?

యువకుడు: మార్చుకోదు. ఆ తడితోనే బుట్ట మోసుకుని రేవుకు వచ్చి, అమ్మి, ఇంటికి నడుస్తుంది.

దీనికి ఇద్దరి దగ్గరా మారు వాదం లేదు. మోకాలు దాటని కుట్టు పాయజామా, చేతులు పూర్తిగా కప్పే త్వరగా ఆరే చొక్కా, అడుగు గట్టిగా ఉండి నీటిని బయటికి వదిలే బూట్లు, వీటితో చేతివేటకు తగిన ఉడుపును కుట్టడం కష్టమైన పని కాదు. తిరుత్తణి, పళ్ళిపట్టు ప్రాంతాల మగ్గాలూ, పొన్నేరిలో 2012లో మొదలైన డాక్టర్ ఎం.జి.ఆర్. మత్స్య కళాశాలా, ఆ స్త్రీలు దిగే నీరూ ఒకే జిల్లాలో ఉన్నాయి. పొడవు ఎంత ఉండాలో, కట్టు ఎక్కడ ఉండాలో ముందుగా ఆ నీటిలో నిలబడేవాళ్ళనే అడిగి, నేతగాళ్ళూ కళాశాలవాళ్ళూ కలిసి కూర్చుని ఆ ఉడుపును తయారుచేయాలి. అంతకన్నా ముందు, రేవుల దగ్గర తలుపున్న ఒక చిన్న గది, అందులో ఒక మంచినీళ్ళ కొళాయి పంచాయతీలు కట్టించాలి; అది లేనంతవరకు ఎంత మంచి బట్ట ఇచ్చినా వాళ్ళు తడిబట్టతోనే ఇంటికి నడవవలసి వస్తుంది.